ఒక్క అంకెలో ఇమడని ఐదు హక్కులు

కుటుంబ ధర్మం

విడాకుల విషయమై నా వద్దకు వచ్చేవారి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది. ‘హజ్రత్, ఎంత ఇస్తే సరిపోతుంది?’ అని అబ్బాయి తరఫువారు అడుగుతారు. ‘మౌలానా సాబ్, ఎంత అడగవచ్చు?’ అని అమ్మాయి తరఫువారు అడుగుతారు. ఇరుపక్షాలకూ కావలసింది ఒక అంకె. అది కుదిరితే కాగితం రాసి, సంతకాలు పెట్టి, లేచి వెళ్ళిపోవాలని ఉభయులకూ ఆత్రం. ఏలూరు కాలువ గట్టున ఉన్న మా గుణదల మొదలుకొని బందరు, గుడివాడ, నూజివీడు వరకు జమాఅత్ పెద్దల ముందు జరిగే పంచాయితీలలో నేను ఎరిగిన తీరు ఇదే.

షరీఅత్‌లో మాత్రం అటువంటి ఒకే అంకె లేదు. తలాఖ్‌తో భర్తపై వచ్చిపడే బాధ్యతలు ఐదు. మహర్, ఇద్దత్ కాలపు పోషణ, భార్య సొంత సొత్తును తిరిగి అప్పగించడం, ముతఆ అనబడే వీడ్కోలు కానుక, పిల్లల నఫఖా. వీటిలో ఒక్కొక్కదానికి ఆధారం వేరు, గడువు వేరు, హక్కుదారు కూడా వేరు. ఐదింటినీ ఒకే మూటగా కట్టి ‘అన్నీ కలిపి రెండు లక్షలు’ అని తేల్చినప్పుడు లోపల ఏ హక్కు కరిగిపోయిందో ఎవరికీ కనబడదు. సాధారణంగా కరిగిపోయేది ఆ సభలో నోరు విప్పి మాట్లాడలేని వారి హక్కు, అనగా పిల్లల హక్కు. కావున ఈ నెల ఆ మూటను విప్పి, పద్దులను వేర్వేరుగా పరిశీలిద్దాం.

లెక్కలోకి దిగేముందు ఒక మాట. భార్యాభర్తల నడుమ చీలిక వస్తుందన్న భయం కలిగినప్పుడు అతని వైపు నుంచి ఒక మధ్యవర్తిని, ఆమె వైపు నుంచి ఒక మధ్యవర్తిని నియమించమని దివ్య ఖుర్ఆన్ (అన్ నిసా 35) ఆదేశించింది. ఆ ప్రయత్నం చిత్తశుద్ధితో జరగాలి. అది విఫలమైతే, ఆమె శుద్ధస్థితిలో ఉన్న సమయంలో ఒకే ఒక్క తలాఖ్ చెప్పి ఇద్దత్ ముగిసేవరకు వేచి ఉండడం ఉత్తమ విధానమని ఫిఖ్హ్ గ్రంథాలు బోధిస్తున్నాయి. ఆ గడువులోగా మనసు మారితే కొత్త నికాహ్, కొత్త మహర్ అవసరం లేకుండానే సంసారం నిలబడుతుంది. మూడు తలాఖ్‌లు ఒకేమారు పలకడం పాపమన్న విషయంలో మన ఉలమాలో సందేహం లేదు. దేశ చట్టం ప్రకారం అది చెల్లదు కూడా. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2019 నాటి చట్టం దానిని మూడేళ్ళ వరకు జైలు, జరిమానా విధించదగిన నేరంగా ప్రకటించింది. కోపంలో దొర్లిన మూడు మాటల వెంట పోలీసు స్టేషను, బెయిలు, వకీలు ఖర్చు కూడా వస్తాయని యువకులు గుర్తెరగాలి.

మొదటి పద్దు: మహర్

మహర్ భర్త దయతో ఇచ్చే బహుమానం కాదు, అతని మెడపై ఉన్న అప్పు. స్త్రీలకు వారి మహర్‌ను సంతోషంగా ఇచ్చివేయమని అన్ నిసా సూరా 4వ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. భార్యకు రాశుల కొద్దీ ధనమిచ్చి ఉన్నా అందులో నుంచి ఏమీ వెనక్కి తీసుకోరాదని అదే సూరా 20వ ఆయత్ హెచ్చరిస్తోంది. భర్త మరణిస్తే వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే ఈ అప్పు తీరాలి.

మన సియాహాలలో మహర్ రెండు రకాలుగా నమోదవుతుంది. ఒకటి వెంటనే చెల్లించవలసినది, రెండవది వాయిదా వేసినది. చిక్కు ఏమిటంటే అరబీలో ఈ రెండింటి పేర్లూ మన చెవికి ఒకే మాటగా, ‘ముఅజ్జల్’గా వినిపిస్తాయి. ఒక దానిలో ఐన్ అక్షరం, మరొక దానిలో హమ్‌జా. తెలుగులో రాస్తే ఆ తేడా పూర్తిగా చెరిగిపోతుంది. కావున నికాహ్ రోజున ‘తక్షణ మహర్ ఇంత, వాయిదా మహర్ ఇంత’ అని స్పష్టమైన తెలుగు మాటలలో రాయించుకోవాలి. వాయిదా వేసిన మహర్ తలాఖ్‌తోనో, మరణంతోనో మొత్తంగా చెల్లించవలసినది అవుతుంది. దాంపత్యం మొదలుకాకముందే తలాఖ్ జరిగితే నిర్ణయించిన మహర్‌లో సగం ఇవ్వాలి (అల్ బఖరా 237). అటువంటి స్త్రీకి ఇద్దత్ లేదు (అల్ అహ్‌జాబ్ 49).

ఇక మహర్ విలువ సంగతి. 2000 సంవత్సరం ప్రాంతంలో పది గ్రాముల బంగారం సుమారు 4,400 రూపాయలు ఉండేది. ఆనాడు 11,000 రూపాయల మహర్ అంటే దాదాపు 25 గ్రాముల బంగారం. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటింది. అదే 11,000 ఆ ఏడాది ఒక్క గ్రాముకు అటూ ఇటూ. రూపాయలలో నిర్ణయించిన మహర్‌కు రూపాయలలోనే చెల్లింపు కనుక కాలం ఆ హక్కును తినివేసింది. ఈ నష్టానికి విరుగుడు కూడా మన సంప్రదాయంలోనే ఉంది. మహర్‌ను తూకంలో నిర్ణయించవచ్చు. దైవప్రవక్త (స) తమ పవిత్ర సతీమణులకు ఇచ్చిన మహర్ సాధారణంగా 500 దిర్హములు. దానినే మనం మహర్-ఎ-ఫాతిమీ అంటున్నాం. మన హనఫీ ఉలమా లెక్క ప్రకారం అది 1,531 గ్రాముల వెండికి దాదాపు సమానం. ‘ఇన్ని గ్రాముల వెండి’ అనో, ‘ఇన్ని గ్రాముల బంగారం’ అనో రాయించుకున్న మహర్‌ను ధరల పెరుగుదల కరిగించలేదు.

మహర్‌ను భార్య మాఫీ చేయవచ్చు. కానీ అది ఆమె మనస్ఫూర్తిగా విడిచిపెట్టినప్పుడే ధర్మసమ్మతమని అదే 4వ ఆయత్ షరతు పెట్టింది. భర్త జనాజా లేవబోతున్న వేళ నలుగురు ఆడవారు ఆమె చేయి పట్టుకుని తీసుకువచ్చి ‘మహర్ మాఫ్ అను బేటీ’ అనడం, పంచాయితీలో తండ్రీ అన్నలూ ‘వదిలెయ్యమ్మా, గొడవ తీరిపోతుంది’ అని కళ్ళతో ఒత్తిడి చేయడం మనం ఎరిగినవే. అటువంటి మాఫీలో మనస్ఫూర్తి ఎక్కడ ఉంది? ఆ అప్పు ప్రళయదినాన అడగబడదని ఎవరు పూచీ పడగలరు?

రెండవ పద్దు: ఇద్దత్ కాలపు పోషణ

తలాఖ్ తర్వాత ఋతుస్రావం ఉన్న స్త్రీకి ఇద్దత్ మూడు ఋతుకాలాలు. అది ఆగిపోయిన వారికి మూడు నెలలు. గర్భవతికి ప్రసవం వరకు. ఈ గడువంతా ఆమె తిండి, బట్ట, నివాసం భర్త బాధ్యత. వారిని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టవద్దని అత్ తలాఖ్ సూరా 1వ ఆయత్ నిషేధించింది. మీ స్తోమతను బట్టి మీరు నివసించే చోటనే వారికీ వసతి కల్పించండని 6వ ఆయత్ ఆదేశించింది. తలాఖ్ తిరుగులేనిది అయినప్పటికీ ఇద్దత్‌లో పోషణ, నివాసం రెండూ ఆమె హక్కులేనని మన హనఫీ మజ్‌హబ్ నిర్ణయం.

ఆచరణలో జరిగేది దీనికి విరుద్ధం. తలాఖ్ మాట పడిన రోజునే ఆమె పెట్టె సర్ది పుట్టింటికి పంపేస్తారు. ఆ మూడు నెలల ఖర్చు ముసలి తండ్రి నెత్తిన పడుతుంది. అద్దె ఇల్లయితే ఒక గదిలో ఐదుగురు ఏడుగురవుతారు. ఆ మూడు నెలల ఖర్చును కాగితంపై వేరుగా రాయాలి. ఆమె పుట్టింట్లో ఇద్దత్ గడిపినందువల్ల భర్త రుణం తీరిపోయినట్లు భావించరాదు.

మూడవ పద్దు: ఆమె సొత్తు

నికాహ్ సమయంలో తల్లిదండ్రులు పెట్టిన బంగారం, సామాను, ఆ తర్వాత బంధువులు ఇచ్చిన కానుకలు, భర్త కానుకగా ఇచ్చి ఆమె స్వాధీనం చేసిన వస్తువులు ఆమె సొంతం. ముస్లిం మహిళల (విడాకులపై హక్కుల పరిరక్షణ) చట్టం, 1986, మూడవ సెక్షన్ కూడా వివాహానికి ముందు, వివాహ సమయంలో, తర్వాత బంధుమిత్రులు, భర్త, అతని బంధుమిత్రులు ఇచ్చిన ఆస్తులన్నీ ఆమెకే చెందుతాయని చెబుతోంది.

‘జోడే కీ రఖం’ పేరిట అబ్బాయి తరఫువారు పుచ్చుకున్న సొమ్ముకు షరీఅత్‌లో ఆధారమే లేదు. అది తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం తీసుకోవడాన్నే నేరమన్నది. ఎవరు పుచ్చుకున్నా దానిని వధువుకు అప్పగించాలని కూడా శాసించింది. అదే చట్టం మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. కానుకల జాబితా రాసి ఇరువైపులా సంతకాలు పెట్టాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. మన నికాహ్‌లలో విందు వంటకాల జాబితా ఉంటుంది గానీ ఈ జాబితా కనిపించదు. విడిపోయేనాడు ‘ఆ గొలుసు మీరు పెట్టినదా, మేము పెట్టినదా?’ అన్న వాదం పుట్టేది అందువల్లనే.

ఈ పద్దులో ఇంకా రెండు సూక్ష్మాలున్నాయి. మొదటిది తాకట్టు బంగారం. భర్త వ్యాపారానికో, ఆటో కొనడానికో భార్య గాజులు కుదువ పెట్టి ఉంటారు. రసీదు అతని పేరుమీద ఉంటుంది. ఆమె వాటిని శాశ్వతంగా దానం చేయలేదు, అవసరానికి ఇచ్చింది. కనుక వడ్డీతో సహా విడిపించి అప్పగించడం అతని బాధ్యత. రెండవది డ్వాక్రా రుణం. సంఘంలో పేరు ఆమెది, వాడుక అతనిది. విడిపోయాక కిస్తీ మాత్రం ఆమె ఇంటి తలుపు తడుతుంది. సంఘంలోని తోటి స్త్రీల ముందు పరువు పోయేదీ ఆమెకే. పంచాయితీ పెద్దలు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది: ఆమె పేరుమీద అతను వాడుకున్న అప్పు ఎంత ఉంది? ఎవరు తీరుస్తారు?

నాల్గవ పద్దు: ముతఆ

విడాకులు పొందిన స్త్రీలకు ధర్మయుక్తంగా కొంత ఇచ్చి సాగనంపడం భయభక్తులు గలవారి బాధ్యత అని అల్ బఖరా సూరా 241వ ఆయత్ పేర్కొంటోంది. దీనినే ముతఆ లేక మతాఅ్ అంటారు. మహర్ నిర్ణయించకుండా నికాహ్ జరిగి, కాపురానికి ముందే తలాఖ్ అయిన స్త్రీకి ఇది వాజిబ్ అనీ, తక్కినవారికి ముస్తహబ్ అనీ హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. షాఫిఈ మజ్‌హబ్ దీనిని అధిక సందర్భాలలో తప్పనిసరి చేసింది. ముస్తహబ్ అన్న మాట వినగానే ఆ పద్దును కొట్టివేసే అలవాటు మనలో ఉంది. నమాజులో సున్నత్‌లను, నఫిల్‌లను అంత శ్రద్ధగా పాటించేవారు ఇక్కడ మాత్రం కనీస మొత్తం ఎంతని వెదకడం తగునా?

దేశ న్యాయస్థానాలలో ఎక్కువ చర్చ జరిగింది ఈ పద్దు చుట్టూనే. ఇండోర్‌కు చెందిన షాబానో బేగం నికాహ్ 1932లో జరిగింది. 1975లో ఆమె ఇంటి నుంచి వెళ్ళగొట్టబడింది. 1978లో తలాఖ్ పొందింది. భర్త న్యాయవాది. ఆమెకు మేజిస్ట్రేటు నిర్ణయించిన భరణం నెలకు 25 రూపాయలు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఆ పెంపును 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. ఆ తీర్పుపై ముస్లిం సమాజంలో తీవ్ర అభ్యంతరం వ్యక్తమై 1986 చట్టం వచ్చిన సంగతి పెద్దలకు తెలుసు. నాలుగు దశాబ్దాల వాదోపవాదాల నడుమ మనం అంతగా తలచని సంగతి ఒకటుంది. నలభై ఏళ్ళకు పైబడిన కాపురం తర్వాత ఐదుగురు బిడ్డల తల్లి ఆ చిన్న మొత్తం కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

1986 చట్టం ఇద్దత్ గడువులోగా ‘సముచితమైన, న్యాయమైన ఏర్పాటు’ చేయాలని శాసించింది. ఆ మాటకు అర్థం ఇద్దత్ ఖర్చు మాత్రమే కాదనీ, ఆమె భవిష్యత్ జీవితానికి కూడా సరిపడే ఏర్పాటును ఇద్దత్ లోపలే చేయాలనీ 2001 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వ్యాఖ్యానించింది. భర్త ఏర్పాటు చేయక, ఆమె తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే వారసులు కాదగిన బంధువులూ, వారికీ శక్తి లేకపోతే రాష్ట్ర వక్ఫ్ బోర్డూ పోషణ భరించాలని నాల్గవ సెక్షన్ చెబుతోంది.

ఇటీవలి మలుపు మన తెలుగు నేలకు చెందినదే. హైదరాబాద్‌కు సంబంధించిన ఒక కేసులో కుటుంబ న్యాయస్థానం 2023లో భార్యకు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం నిర్ణయించింది. ఇద్దత్ ఖర్చుగా 15,000 పంపితే ఆమె స్వీకరించలేదనీ, 1986 చట్టం ఉండగా సాధారణ భరణం సెక్షన్ వర్తించదనీ భర్త వాదన. తెలంగాణ హైకోర్టు భరణాన్ని 10,000కు తగ్గించింది గానీ ఆ వాదనను అంగీకరించలేదు. 2024 జూలై 10న సుప్రీంకోర్టు కూడా అతని అప్పీలును తోసిపుచ్చి, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 1986 చట్టం కిందనైనా, సాధారణ భరణం సెక్షన్ కిందనైనా, రెండింటి కిందనైనా కోరవచ్చునని ప్రకటించింది. ముస్లిం పర్సనల్ లా బోర్డు ఈ తీర్పుతో ఏకీభవించలేదు. ఆ చర్చ ఎలా సాగినా మన ఇళ్ళలో ఆలోచించవలసిన ప్రశ్న వేరే ఉంది. 241వ ఆయత్‌ను మనమే నిండు మనసుతో అమలు చేసి ఉంటే మన ఆడపడుచులలో ఎందరికి కోర్టు అవసరం కలిగేది?

ఐదవ పద్దు: పిల్లల నఫఖా

ఇది ఐదింటిలో అతి పెద్దది. తలాఖ్ భార్యాభర్తల బంధాన్ని తెంచుతుంది గానీ తండ్రీబిడ్డల బంధాన్ని తెంచదు. తల్లి పాలిచ్చే కాలంలో ఆమె అన్నవస్త్రాల భారం తండ్రిదని అల్ బఖరా 233వ ఆయత్, విడిపోయాక పాలు పట్టినందుకు ప్రతిఫలం కూడా ఇవ్వాలని అత్ తలాఖ్ 6వ ఆయత్ చెబుతున్నాయి. సొంత ఆస్తి లేని మగపిల్లవాడు సంపాదనకు సమర్థుడయ్యే వరకు, ఆడపిల్లకు వివాహం అయ్యే వరకు నఫఖా తండ్రిదేనని మన ఫిఖ్హ్ నిర్ణయం. భర్త అబూ సుఫ్యాన్ చాలినంత ఇవ్వడం లేదని హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు తనకూ, బిడ్డకూ ధర్మయుక్తంగా సరిపడేంత అతని సొమ్ములో నుంచి తీసుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. బిడ్డ పోషణ తండ్రి ఇష్టాయిష్టాలపై ఆధారపడిన విషయం కాదనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

1986 చట్టంలో పిల్లల పోషణకు ‘రెండేళ్ళు’ అన్న మాట ఉన్నందువల్ల ఆపైన బాధ్యత లేదని కొందరు పొరబడుతున్నారు. ముస్లిం పిల్లలకు కూడా సాధారణ భరణం సెక్షన్ కింద తండ్రి నుంచి పోషణ పొందే హక్కు యథాతథంగా ఉందని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది.

ఈ హక్కు బిడ్డది. తల్లి దానికి కాపలాదారు మాత్రమే. ‘ఇకపై పిల్లల విషయంలో ఏమీ అడగను’ అని ఆమె చేత సంతకం చేయించినా, బిడ్డ ఆకలి తండ్రిని పిలవకుండా ఆగదు. తండ్రి తన బిడ్డకు పెట్టే ఖర్చును జకాత్ పద్దులో రాసుకోవడం కూడా చెల్లదు. సొంత సంతానానికి జకాత్ ఇవ్వరాదు.

ఒక లెక్క వేసి చూద్దాం

ఒక ఊహాజనిత కుటుంబాన్ని తీసుకుందాం. భర్త ఆటోనగర్‌లో మెకానిక్, నెలకు 25,000 రూపాయలు సంపాదిస్తున్నాడు. కాపురం పదేళ్ళది. కూతురికి ఏడేళ్ళు, కొడుకుకు నాలుగేళ్ళు. చెల్లించని మహర్ 50,000. భార్య పుట్టింటి బంగారం నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు, తాకట్టులో ఉంది. పంచాయితీలో ‘అన్నీ కలిపి రెండు లక్షలు’ అన్నారు.

మహర్ 50,000. ఇద్దత్ మూడు నెలలకు, నెలకు 7,000 చొప్పున 21,000. బంగారాన్ని గ్రాము 10,000 రూపాయలుగా తక్కువలో లెక్కించినా 3,20,000. ఈ మూడే కలిపి 3,91,000. పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 3,000 మాత్రమే అనుకుంటే, పద్దెనిమిదేళ్ళు వచ్చేవరకు కొడుకుకు పద్నాలుగేళ్ళలో 5,04,000, కూతురికి పదకొండేళ్ళలో 3,96,000. వెరసి తొమ్మిది లక్షలు. ధరలు పెరగవనీ, జబ్బులు రావనీ, కూతురి పోషణ పద్దెనిమిదేళ్ళకే ముగుస్తుందనీ అనుకుంటే కూడా ఇంత. మొత్తం 12,91,000. ముతఆ ఇంకా చేర్చలేదు.

ఇప్పుడు ఆ రెండు లక్షలను చూడండి. ఆమె సొంత బంగారం విలువకు కూడా అది చాలదు. అనగా తన సొమ్ములో కొంత తనకే తిరిగి ఇచ్చి, మహర్‌నూ, ఇద్దత్‌నూ, ఇద్దరు బిడ్డల అన్నాన్నీ దానికింద కప్పివేశారు. ఆ సభలో కూర్చున్న పెద్దలలో ఎవరికీ దురుద్దేశం లేకపోవచ్చు. పద్దులు విడదీసి రాసి ఉంటే మాత్రం వారిలో ఒక్కరు కూడా ఆ కాగితంపై సాక్షి సంతకం చేయడానికి సాహసించేవారు కారు.

‘హజ్రత్, 25,000 సంపాదించేవాడు అంత ఎక్కడి నుంచి తెస్తాడు?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పిల్లల పద్దు ఒకేసారి ఇవ్వవలసినది కాదు. నెలకు 6,000, ఒకే ఇంట్లో ఉన్నా వారికి అయ్యే ఖర్చే. మహర్‌ను ఆమె అంగీకారంతో వాయిదాలలో తీర్చవచ్చు. బంగారాన్ని విడిపించడానికి గడువు పెట్టుకోవచ్చు. కలిగినవాడు కలిగినంతలో, కొరతలో ఉన్నవాడు అల్లాహ్ ఇచ్చినంతలో ఖర్చు చేయాలని అత్ తలాఖ్ 7వ ఆయత్ వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు చెల్లింపు తీరుకూ, పోషణ పరిమాణానికీ సంబంధించినది. మహర్ రుణాన్నీ, పరుల సొత్తునూ అది మాఫీ చేయదు.

ఖులా కోరినప్పుడు

భార్యే విడిపోవాలని కోరితే మహర్‌ను తిరిగి ఇచ్చి ఖులా పొందవచ్చు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య తనకు మహర్‌గా వచ్చిన తోటను తిరిగి ఇచ్చిన ఉదంతం ఇందుకు మూలం. అయితే ఇక్కడ జరుగుతున్న ఒక మోసాన్ని గుర్తించాలి. తలాఖ్ ఇస్తే మహర్ చెల్లించాలి కనుక, భార్యను కష్టపెట్టి, విసిగించి, ఆమె నోటితోనే ఖులా అనిపించే ఎత్తుగడ అది. తప్పు భర్తదైనప్పుడు ఖులాకు బదులుగా ఏదైనా పుచ్చుకోవడం అతనికి తగదని, తప్పు భార్యదైనా ఇచ్చిన మహర్‌కు మించి తీసుకోవడం అయిష్టమని హనఫీ ఫుఖహా స్పష్టం చేశారు. ఖులా తీసుకున్న తల్లి తన మహర్‌ను వదులుకున్నది గానీ పిల్లల నఫఖాను కాదు.

ఖులాకు భర్త అంగీకారం కావాలని మన మజ్‌హబ్ నిర్ణయం. అతని అంగీకారంతో నిమిత్తం లేకుండానే అది ఆమె హక్కని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పునిచ్చింది. ఈ భేదాన్ని ఉలమా చర్చిస్తున్నారు. భర్త రెండేళ్ళు పోషించకపోయినా, నాలుగేళ్ళు ఆచూకీ లేకపోయినా, క్రూరంగా ప్రవర్తించినా వివాహ రద్దు కోరే మార్గం 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో ఉంది. ఆ మార్గంలో ఆమె మహర్ హక్కుకు భంగం లేదని అదే చట్టం ఐదవ సెక్షన్ చెబుతోంది. పోషించని భర్త చేతిలో మహర్ కూడా పోగొట్టుకునే ముందు ఆడపిల్ల తల్లిదండ్రులు ఈ మార్గాన్ని తెలుసుకోవాలి.

కాగితం, కోర్టు

జమాఅత్ పెద్దలు రాయించిన ఒప్పందం ధర్మబద్ధమైనదైనా, ఆరు నెలల తర్వాత భర్త సొమ్ము ఆపివేస్తే దానిని అమలు చేయించే బలం జమాఅత్‌కు లేదు. ఫత్వాలకూ, షరీఅత్ పంచాయితీల నిర్ణయాలకూ చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. దీనికి సులువైన ఉపాయం ఉంది. ఐదు పద్దులతో ఒప్పందం కుదిరాక దానిని న్యాయసేవాధికార సంస్థ నిర్వహించే లోక్ అదాలత్ ముందు నమోదు చేయించాలి. కోర్టులో కేసు లేకపోయినా ఇది సాధ్యం. ఫీజు లేదు. అక్కడ వెలువడే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.

రాజీ కుదరకపోతే భరణం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. పాత 125వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా మారింది. కాపురం ఎక్కడ చేసినా, ఆమె ఇప్పుడు నివసిస్తున్న చోటనే దరఖాస్తు చేయవచ్చు. బందరులో కాపురం చేసి గుణదలలోని పుట్టింటికి చేరిన స్త్రీ విజయవాడ కుటుంబ న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. ఇరువురూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించాలనీ, భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలనీ సుప్రీంకోర్టు 2020 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. భరణం బకాయి పడితే ఒక ఏడాదిలోపే వసూలుకు దరఖాస్తు పెట్టాలి. ‘ఇస్తాడులే’ అని ఊరుకుని ఏడాది దాటించుకున్నవారు నష్టపోతారు.

స్త్రీలకు వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం కల్పించింది. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. వకీలు ఫీజుకు భయపడి హక్కు వదులుకోవలసిన అవసరం లేదు. అయినా వాయిదాల ఖర్చు ఉంటుంది. ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి, ఆటో చార్జీలు, పిల్లలను చూసుకునే మనిషి కావాలి. మస్జిద్ కమిటీల బైతుల్‌మాల్ ఈ చిన్న ఖర్చులకు ఆసరాగా నిలిస్తే అది గొప్ప సేవ. నిసాబ్ లేని పేద స్త్రీ అయితే జకాత్ సొమ్ముకు ఆమె అర్హురాలే.

జమాఅత్ పెద్దలకు ఒక విన్నపం. ఇకపై మీ ముందుకు వచ్చే ప్రతి విడాకుల ఒప్పందంలో మహర్, ఇద్దత్, ఆమె సొత్తు, ముతఆ, పిల్లల నఫఖా అని ఐదు వరుసలు విడివిడిగా రాయించండి. ఏ వరుసలోనైనా సున్నా వేయవలసి వస్తే ఎందుకు వేశారో దాని ఎదుట రాయండి. ‘పిల్లల నఫఖా: సున్నా’ అని సొంత చేతితో రాయడానికి ఏ తండ్రి చేయైనా ఒక క్షణం ఆగుతుంది.

పాఠక సోదర సోదరీమణులకు మరొక విన్నపం. ఈ నెలలో ఒక సాయంత్రం మీ ఇంటి సియాహా తీసి చదవండి. మహర్ ఎంత రాసి ఉందో, ఎంత చెల్లించారో, ఎంత మిగిలి ఉందో భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. సంసారం చల్లగా ఉన్నప్పుడు తీర్చిన మహర్ ప్రేమను పెంచుతుంది. తీర్చిన తేదీ, మొత్తం ఒక కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేసి ఆ సియాహాతో పాటే దాచుకోండి.

అల్లాహ్ మన ఇళ్ళను కలహాల నుంచి కాపాడు గాక. విడిపోక తప్పనివారికి ఒకరి హక్కు ఒకరు ఎగవేయకుండా విడిపోయే ధైర్యాన్నీ, నిజాయితీనీ ప్రసాదించు గాక. ఆమీన్.